విప్పి చూపించు

ఫైనలియర్ ప్రాజెక్టు వైవా రోజున మా బ్యాచ్ నలుగురం ఇస్త్రీ చొక్కాలు టక్ చేసుకుని ల్యాబ్ బయట నిలబడ్డాం. చేతిలో నల్ల రెగ్జిన్ బైండింగు, దాని మీద బంగారు రంగు అక్షరాలు: డేటా కంప్రెషన్. లోపల ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన రిపోర్టు రెండు నిమిషాలు తిరగేసి పక్కన పెట్టి, "రన్ చెయ్యి బాబూ" అన్నారు. చేశాను. లక్ష బైట్ల ఫైల్ అరవై వేల బైట్లకి దిగింది. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "బాగుంది. ఇప్పుడు విప్పి చూపించు" అన్నారు.

విప్పే ప్రోగ్రాం మేం రాయనేలేదు.

"అది ఫ్యూచర్ స్కోప్‌లో పెట్టాం సార్" అన్నాడు మావాడొకడు. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఆఖరి అధ్యాయం పేరు అదే. చేతగానివన్నీ పడేసే అటక.

ఆయన కోప్పడలేదు. "చిన్నది చెయ్యడమే పనైతే ఫైల్ డిలీట్ చేసెయ్యి నాన్నా, సున్నా అయిపోతుంది" అన్నారు. మార్కులు మాత్రం బాగానే వేశారు. నాకు అదే ఇంకా సిగ్గనిపించింది.

ఆ రాత్రి హాస్టల్లో పట్టుదలగా విప్పే ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాను. రెండు గంటల తర్వాత అసలు సంగతి తెలిసింది: మా అరవై వేల బైట్ల నుంచి పాత ఫైల్‌ని ఎవరూ ఎప్పటికీ వెనక్కి తేలేరు. ఏ బైట్‌కి ఏ కోడ్ ఇచ్చామో చెప్పే పట్టికని ఫైల్‌లో రాయడం మర్చిపోయాం. అది ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు మెమరీలో ఉంది, ప్రోగ్రాం ఆగగానే పోయింది. తాళంచెవి గదిలో పెట్టి తలుపు లాగేసుకున్నట్టు. ఐదు నెలల ప్రాజెక్టులో ఒక్కసారి విప్పి చూసి ఉంటే మొదటి వారంలోనే దొరికేది.

ఈ అధ్యాయంలో మీచేత చేయించబోయేది ఆ ప్రాజెక్టునే. ఈసారి మొదలు నుంచి చివరిదాకా.

నాలుగు సాయంత్రాలు

ఇంతకుముందు అధ్యాయాల్లో మొదలుపెట్టిన పని ముగించడం గురించి చాలా మాట్లాడుకున్నాం. మాటలతో వచ్చే విద్య కాదది. "కోడింగ్ నేర్చుకుంటున్నానండీ" అనేవాళ్ళ ఫోన్లో మూడు కోర్సులు సగంలో ఆగి ఉంటాయి. వీడియోలన్నీ రెండింతల వేగంతో చూసేసి ఉంటారు. ఏం అడిగినా తెలిసినట్టే ఉంటుంది. "నువ్వు ముగించింది ఒకటి చూపించు" అంటే నసుగుతారు. నేనూ ఆ బాపతే కాబట్టి ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మాత్రం వెబ్‌సైట్ కట్టమనీ యాప్ చెయ్యమనీ చెప్పను. ఒక ఫైల్‌ని కుదించి మళ్ళీ విప్పే ప్రోగ్రాం రాయమంటాను. రోజుకి రెండు గంటల చొప్పున నాలుగు సాయంత్రాల పని, వందా నూటయాభై లైన్ల కోడ్.

ఇదే ఎందుకంటే, ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకునే వీలు తక్కువ. లాగిన్ పేజీ బాగుందా లేదా అన్నది చూసేవాళ్ళ అభిప్రాయం. కుదించి విప్పిన ఫైల్ అసలు ఫైల్‌తో బైట్ బైట్ సరిపోయిందా లేదా అన్న దానికి అభిప్రాయాలు ఉండవు. లినక్స్‌లో సీఎంపీ అని ఒక కమాండ్ ఉంది. రెండు ఫైళ్ళు ఇస్తే మొదటి తేడా ఎక్కడుందో చెబుతుంది, తేడా లేకపోతే నోరు విప్పదు. అలాంటి గురువు దొరకడం కష్టం.

కోడ్ ఇక్కడ ఇవ్వడం లేదు, కావాలనే. ఇస్తే మీరు టైప్ చేస్తారు, అది నడుస్తుంది, మీకేమీ రాదు. పైథాన్‌లో రాస్తారో సీలో రాస్తారో మీ ఇష్టం. ఒక్క జాగ్రత్త: ఫైల్‌ని టెక్స్ట్‌గా తెరవకండి, బైనరీగా తెరవండి. విండోస్‌లో టెక్స్ట్‌గా తెరిస్తే లైన్ చివర ఉండే 13, 10 అనే రెండు బైట్లు మీకు తెలియకుండానే 10 అనే ఒక్క బైట్‌గా మారిపోతాయి. కుదించింది మీరు కాదు, మీ వెనకాల ఇంకెవరో.

నూట పదహారు

మొదటి సాయంత్రానికి రన్ లెంగ్త్ ఎన్‌కోడింగ్. ఒకే విలువ వరసగా చాలాసార్లు వస్తే, విలువని ఒక్కసారి రాసి, పక్కన ఎన్నిసార్లో రాయడం. ఫ్యాక్స్ మెషీన్లు బతికిందే దీని మీద. 1980లో వచ్చిన గ్రూప్ 3 ఫ్యాక్స్ ప్రమాణంలో కాగితం మీద ఒక అడ్డగీతకి 1728 చుక్కలు. గీత మొత్తం ఖాళీ అయితే అన్ని చుక్కలూ పంపక్కర్లేదు, "తెలుపు, 1728" అంటే సరిపోతుంది.

ఇది అందరికీ ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. అందరూ ఒకేలా తప్పు చేస్తారు కూడా. ముందు సంఖ్య, పక్కన అక్షరం రాస్తే చాలనుకుంటారు: నాలుగు 'క'లు ఉంటే "4క". బాగానే ఉంది. ఇప్పుడు పెళ్ళి చదివింపుల పుస్తకం తీసుకోండి. అందులో 116 అని ఉంది. రెండు ఒకట్లు, ఒక ఆరు. మీ ప్రోగ్రాం దాన్ని "2116" అని రాస్తుంది. విప్పేటప్పుడు? రెండుసార్లు 1, ఒకసారి 6 అని చదవచ్చు. 211 సార్లు 6 అని కూడా చదవచ్చు. నూట పదహారు చదివించినాయన పేరు పక్కన రెండు వందల పదకొండు ఆరులు పడితే పెళ్ళివారు సంతోషిస్తారేమో గానీ, ఆయన సంతోషించడు.

మందు చాలా సులువు. సంఖ్యని అంకెలుగా రాయకండి. ఒక బైట్ ఎన్నిసార్లో చెప్పడానికి, తర్వాతి బైట్ విలువ చెప్పడానికి. ఎప్పుడూ జతలు జతలుగా. అప్పుడు ఏది సంఖ్యో ఏది విలువో దాని స్థానమే చెబుతుంది. అయితే ఒక బైట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 255. వరసగా 300 తెల్లచుక్కలు వస్తే 255 ఒక జతగా, 45 ఇంకో జతగా విడగొట్టాలి. ఇది చెయ్యకపోతే కొన్ని భాషల్లో ప్రోగ్రాం ఆగిపోతుంది, అది అదృష్టం. సీ లాంటి భాషలో 256 చప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది, ఆటో మీటర్ గిర్రున తిరిగి మళ్ళీ మొదటికి వచ్చినట్టు. అందుకని 254, 255, 256, 257 సార్లు ఒకే బైట్ ఉన్న నాలుగు ఫైళ్ళు ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి. తప్పులు ఎప్పుడూ గట్టు మీదే కాపురం ఉంటాయి.

కుదించే భాగం రాసిన పూటే విప్పే భాగం కూడా రాయండి. రేపు కాదు.

అది నడిచాక ఒక తెలుగు ఫైల్ ఇచ్చి చూడండి. "అమ్మ" అని రాసి సేవ్ చేస్తే చాలు. యూనికోడ్ లెక్కలో ఇవి నాలుగు గుర్తులు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. ఫైల్ తెరిచి బైట్లు చూస్తే ఇలా ఉంటాయి: 224 176 133, 224 176 174, 224 177 141, 224 176 174. మొత్తం పన్నెండు. ఒకే బైట్ పక్కపక్కన రెండుసార్లు ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. మీ ప్రోగ్రాం ప్రతి బైట్ ముందూ నమ్మకంగా ఒకటి, ఒకటి, ఒకటి అని రాసుకుంటూ పోతుంది. పన్నెండు బైట్ల అమ్మ ఇరవైనాలుగు బైట్లు అవుతుంది.

ఇక్కడ చాలామంది నీరుగారిపోతారు. నన్నడిగితే ఈ నాలుగు సాయంత్రాల్లో అత్యంత విలువైన నిమిషం ఇదే. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పద్ధతికీ సరుకుకీ పొత్తు కుదరలేదు, అంతే. ఖాళీ ఎక్కువుండే ఫ్యాక్స్ కాగితానికి పనికొచ్చింది తెలుగు వచనానికి పనికిరాలేదు. ఫలితాన్ని దాచకుండా నోట్‌బుక్‌లో రాయండి: "అమ్మ, 12 నుంచి 24".

చిన్నాగాడి సిద్ధాంతం

ఇంట్లో రోజుకి వందసార్లు పిలవాల్సిన పిల్లాడి పేరు చిన్నా. వాడి పూర్తి పేరు వెంకట సత్య సుబ్రహ్మణ్యం శుభలేఖలోనూ సర్టిఫికెట్లోనూ తప్ప కనబడదు. ఎక్కువసార్లు వాడేదాన్ని పొట్టిగా, అరుదుగా వాడేదాన్ని పొడుగ్గా పెట్టుకుంటే మొత్తం మీద నోటికి శ్రమ తగ్గుతుందని మన ఇళ్ళల్లో ఎవరూ లెక్కలు వేసి కనిపెట్టలేదు. లెక్కలు వేసి, ఇంతకంటే పొట్టిగా కుదరదు అని రుజువు చేసినవాడు డేవిడ్ హఫ్‌మన్. రెండో, మూడో సాయంత్రాలు ఆయన పద్ధతికే.

1951లో అమెరికాలోని ఎంఐటీలో ఆయన విద్యార్థి. రాబర్ట్ ఫానో అనే ప్రొఫెసర్ తన క్లాసులో ఫైనల్ పరీక్ష రాస్తారా, టర్మ్ పేపర్ రాస్తారా అని ఎంచుకోమన్నారు. హఫ్‌మన్ పేపర్ ఎంచుకున్నారు. ప్రశ్న: బైనరీ కోడ్‌తో గుర్తులని అతి తక్కువ బిట్లలో రాయడం ఎలా? నెలల తరబడి కొట్టుకున్నా తెగలేదు. ఇక లాభం లేదని నోట్సు చెత్తబుట్టలో పడేసి పరీక్షకి చదువుకుందామనుకున్న సమయంలో దారి తట్టింది. ఆ సమస్య మీద ఫానో, క్లాడ్ షానన్ అంతటివాళ్ళు కూడా పనిచేశారనీ, వాళ్ళకి కూడా అతి పొట్టి కోడ్ దొరకలేదనీ ఆయనకి ముందు తెలియదు. వాళ్ళు పైనుంచి మొదలుపెట్టి గుర్తుల్ని రెండు గుంపులుగా చీల్చుకుంటూ కిందికి వచ్చారు. హఫ్‌మన్ కింద నుంచి మొదలుపెట్టారు: అందరికంటే తక్కువసార్లు వచ్చిన ఇద్దర్ని కలిపి ఒక్కరిగా చెయ్యి, మళ్ళీ తక్కువవాళ్ళు ఇద్దర్ని కలుపు, ఒక్కరే మిగిలేదాకా. 1952లో ఆ పేపర్ అచ్చయింది. మీ ఫోన్లో ఇంచుమించు ప్రతి జేపెగ్ ఫొటోలో, ప్రతి జిప్ ఫైల్లో ఆ టర్మ్ పేపర్ ఉంది.

పొట్టి పొడుగు కోడ్‌లు కలిపి వాడితే ఒక చిక్కు. ఒక కోడ్ ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది? ల్యాండ్‌లైన్ల కాలం గుర్తున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040, విజయవాడ 0866, భీమవరం 08816. మహానగరానికి మూడంకెలు, నగరానికి నాలుగు, పట్టణానికి ఐదు. 0866 నొక్కాక విజయవాడేనా, ఇంకా అంకెలు రావాలా అని ఎక్స్ఛేంజ్ ఎదురుచూడదు. ఎందుకంటే 0866తో మొదలయ్యే ఇంకో ఊరి కోడ్ లేదు. ఏ కోడూ ఇంకో కోడ్‌కి మొదలు కాకూడదు. ఆ ఒక్క నియమం ఉంటే మధ్యలో కామాలు అక్కర్లేదు.

చేత్తో ఒకటి చేద్దాం. కాగితం తీయండి, నిజంగానే. మాట: "అమ్మమ్మ". గుర్తులు విడదీస్తే అ, మ, పొల్లు, మ, మ, పొల్లు, మ. మొత్తం ఏడు. మ నాలుగుసార్లు, పొల్లు రెండుసార్లు, అ ఒక్కసారి. తక్కువవాళ్ళిద్దరు అ, పొల్లు. కలిపితే మూడు. ఆ మూడునీ నాలుగున్న మనీ కలిపితే ఏడు. చెట్టు అయిపోయింది. పై నుంచి దిగుతూ ఒక కొమ్మకి 0, ఇంకో కొమ్మకి 1 రాసుకుంటే: మ అంటే 0, పొల్లు అంటే 10, అ అంటే 11. ఇప్పుడు అమ్మమ్మ ఇలా ఉంటుంది: 1101000100. పది బిట్లు. యూటీఎఫ్-8లో అదే మాట ఇరవై ఒక్క బైట్లు, అంటే 168 బిట్లు.

168 నుంచి 10! మా ప్రాజెక్టు రిపోర్టు ఇక్కడే ఆగింది. బంగారు అక్షరాలతో.

ఇప్పుడు దీన్ని డిస్క్ మీద రాయండి. డిస్క్ బిట్లలో అమ్మదు, బైట్లలోనే అమ్ముతుంది. పది బిట్లకి రెండు బైట్లు, అంటే పదహారు బిట్లు కావాలి. మిగిలిన ఆరు బిట్లలో ప్రోగ్రాం సున్నాలు నింపుతుంది. విప్పండి. మన కోడ్‌లో 0 అంటే ఏమిటి? మ. కాబట్టి మీకు వచ్చేది "అమ్మమ్మమమమమమమ". ఆరు మలు అదనం. హఫ్‌మన్ కోడ్ రాసిన ప్రతివాడికీ జీవితంలో ఒకసారి ఈ అమ్మమ్మ ఎదురవుతుంది. పెద్ద ఫైల్లో అయితే చివర ఒకటి రెండు బైట్లే ఎక్కువ వస్తాయి, స్క్రీన్ మీద కంటికి ఆనవు. సీఎంపీకి ఆనతాయి.

సరిచెయ్యాలంటే అసలు ఫైల్లో ఎన్ని గుర్తులున్నాయో ముందే రాసిపెట్టాలి. అన్ని రాగానే విప్పడం ఆపేయాలి. నేను దానికోసం మొదట్లో నాలుగు బైట్లు కేటాయించాను. పట్టికలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో ఎలాగూ రాస్తున్నాం కదా, అవన్నీ కూడితే అదే పొడవు కదా అని తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక పట్టిక ఖర్చు. ఎన్ని రకాల గుర్తులున్నాయో చెప్పడానికి 1 బైట్. ఒక్కో గుర్తుకి దాని మూడు బైట్లు, లెక్కకి ఒక బైట్, అలా మూడు గుర్తులకి 12. మన పది బిట్లకి 2. మొత్తం 15. అసలుది 21. నిజంగా మిగిలింది ఆరు బైట్లు. 168 నుంచి 10 అన్న లెక్కకీ, 21 నుంచి 15 అన్న లెక్కకీ మధ్య ఉన్న దూరం మీరు గమనించాలి. ఇంటర్వ్యూలో మొదటి లెక్క చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నేను ఉద్యోగమిచ్చేవాణ్ణయితే రెండోది చెప్పినవాణ్ణి తీసుకుంటాను.

చేత్తో అక్షరాలతో చేశాం గానీ ప్రోగ్రాంలో అక్షరాల జోలికి పోకండి, బైట్లనే లెక్కపెట్టండి. అప్పుడు తెలుగు, ఇంగ్లిష్, ఫొటో, పాట, ఏదిచ్చినా నడుస్తుంది. పైగా ఇందాక మొండికేసిన తెలుగు ఫైల్ ఇక్కడ మెత్తబడుతుంది. తెలుగు గుర్తుల మొదటి బైట్ ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177: మామూలు హల్లులన్నీ 176 వైపు, పొల్లూ గుణింతాల్లో ఎక్కువ భాగం 177 వైపు. ఇంచుమించు ప్రతి మూడు బైట్లలో రెండు ఈ ముగ్గురే. ఇంతకంటే పెద్ద చిన్నాగాళ్ళు ఎవరుంటారు? 224కి ఒకటో రెండో బిట్ల కోడ్ పడుతుంది. పక్కపక్కన రిపీట్ లేదని మొదటి పద్ధతి మొహం తిప్పుకున్న చోట, మొత్తం మీద ఎన్నిసార్లు వచ్చిందో చూసే ఈ పద్ధతికి పండగ. ఎంత తగ్గిందో నేను చెప్పను, మీ ఫైల్ మీద మీరే చూసుకోండి.

ఇంకో గోతి ఉంది, చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. రెండు బైట్ల లెక్కలు సమానమైతే ముందు ఎవర్ని కలపాలి? ఎవర్ని కలిపినా పర్వాలేదు. కానీ కుదించేటప్పుడు ఒకర్ని, విప్పేటప్పుడు ఇంకొకర్ని కలిపితే చెట్లు రెండు వేరైపోయి ఫైలంతా తలకిందులవుతుంది. లెక్క సమానమైతే చిన్న విలువ ఉన్న బైట్ ముందు అని ఒక నియమం పెట్టుకుని, చెట్టు కట్టే ఫంక్షన్ ఒక్కటే రాసి, రెండు చోట్లా దాన్నే పిలవండి.

నాలుగో సాయంత్రం

ఈ సాయంత్రం కొత్త కోడ్ రాయకండి. మీ ప్రోగ్రాంని ఓడించడానికి కూర్చోండి.

ముందు ఖాళీ ఫైల్ ఇవ్వండి. సగం ప్రోగ్రాంలు ఇక్కడే పడిపోతాయి, చెట్టు కట్టడానికి ఒక్క ఆకు కూడా లేక. తర్వాత ఒకే ఒక్క బైట్ ఉన్న ఫైల్. ఆపైన ఒకే బైట్ లక్షసార్లు ఉన్నది. ఇందులో చెట్టుకి ఒక్కటే ఆకు, కొమ్మలు లేవు, కాబట్టి కోడ్ పొడవు సున్నా. లక్ష గుర్తుల్ని సున్నా బిట్లలో రాశానని మీ ప్రోగ్రాం గర్వంగా చెబుతుంది. విప్పేటప్పుడు ఏం చేస్తుందో చూడండి. ఇవేవో నా పైత్యం అనుకోకండి. న్యూజిలాండ్‌లోని క్యాంటర్బరీ విశ్వవిద్యాలయం కుదింపు పద్ధతుల పరీక్ష కోసం 1997 నుంచి ఫైళ్ళ కట్టలు అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిలో ఒక్క అక్షరమే ఉన్న ఫైల్ ఉంది, ఒకే అక్షరం లక్షసార్లు ఉన్న ఫైలూ ఉంది. 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' నవల పాఠం కూడా ఉంది, 1,52,089 బైట్లు. మీ ఫలితాన్ని వేరేవాళ్ళ ఫలితంతో పోల్చాలంటే ఇద్దరూ ఒకే ఫైల్ మీద చెయ్యాలి. నా ఫైల్ మీద నేను, నీ ఫైల్ మీద నువ్వు అంటే అది పోటీ కాదు, కోతలు.

0 నుంచి 255 దాకా అన్ని బైట్లూ ఒక్కోసారి ఉన్న ఫైల్ ఇవ్వండి. మీ పెళ్ళి ఫొటోనో పుట్టినరోజు ఫొటోనో ఇవ్వండి. చివరికి మీ ప్రోగ్రాం కుదించిన ఫైల్‌నే మళ్ళీ దానికి ఇవ్వండి. ఆపైన కంప్యూటర్‌నే ఇష్టమొచ్చిన బైట్లతో వెయ్యి చిన్న ఫైళ్ళు పుట్టించమని, ప్రతిదాన్నీ కుదించి, విప్పి, పోల్చి, తేడా వస్తే ఆగమని చెప్పి మీరు టీ తాగి రండి. అయితే ఆ 'ఇష్టమొచ్చినట్టు' కూడా ప్రతిసారీ ఒకేలా రావాలి, ర్యాండమ్ సీడ్‌ని ఒక సంఖ్యకి కట్టేయండి. లేకపోతే 731వ ఫైల్ దగ్గర దొరికిన తప్పు రేపు మళ్ళీ కనపడమంటే కనపడదు.

ఫొటో ఫైల్ పెద్దగా తగ్గదు, బహుశా పెరుగుతుంది. కంగారు పడకండి. దాన్ని ఇంతకుముందే ఒకరు పిండేశారు. పిండిన చెరుకుని మళ్ళీ మిషన్లో పెట్టినట్టే. అసలు ఏ ఫైలిచ్చినా చిన్నది చేసే పద్ధతి లోకంలో ఉండదు, ఎవరైనా ఉందంటే నమ్మకండి. లెక్క చిన్నది. పది బిట్ల ఫైళ్ళు మొత్తం 1024 రకాలు. పది బిట్లకంటే పొట్టివి, ఖాళీ ఫైల్‌తో సహా, 1023. కుర్చీలాటలో 1024 మందికి 1023 కుర్చీలు. ఇద్దరు ఒకే కుర్చీలో కూర్చుంటే విప్పేటప్పుడు ఎవరెవరో తెలియదు. కాబట్టి ఎవరో ఒకరు నిలబడాలి.

పెరిగే ఫైళ్ళకి మర్యాదైన దారి ఉంది. మొదటి బైట్‌ని జెండాగా వాడుకోండి: 1 అయితే కుదించాను, 0 అయితే కుదించలేదు, ఉన్నది ఉన్నట్టు పెట్టాను. అప్పుడు ఎంత మొండి ఫైలైనా ఒక్క బైట్ కంటే పెరగదు. ఇది చేతగానితనం కాదు. జిప్ ఫైళ్ళలో వాడే డిఫ్లేట్ పద్ధతిలో కూడా కుదించకుండా పెట్టే ఏర్పాటు ఉంది.

పరీక్ష మీద ఇంత పట్టు దేనికి, ఏదో ప్రాక్టీసు ప్రోగ్రామే కదా అనిపిస్తే 2013లో జరిగింది వినండి. జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జిరాక్స్ వర్క్‌సెంటర్ మెషీన్‌లో స్కాన్ చేసిన ఒక ఇంటి ప్లాన్ చూశారు. కాగితం మీద మూడు గదుల విస్తీర్ణాలు మూడు రకాలు. స్కాన్‌లో మూడు గదులూ 14.13 చదరపు మీటర్లే. మసకేమీ లేదు, అంకెలు శుభ్రంగా ఉన్నాయి, తప్పుగా ఉన్నాయి. చోటు తగ్గించడానికి ఒకేలా కనిపించే ముక్కల్ని ఒక్కసారే దాచుకుని మిగతా చోట్ల దాన్నే అతికించే కుదింపు పద్ధతి చేసిన పని అది. ఒకేలా ఉన్నాయని అది పొరపడింది. తర్వాత కంపెనీ సరిచేసే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఫైల్ ఎంత తగ్గిందో అందరూ చూస్తారు. అందులో ఏముందో చదివి పోల్చేవాళ్ళు అరుదు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళకి తర్వాత మెట్టు లెంపెల్, జివ్ అనే ఇద్దరు 1977లో చెప్పిన పద్ధతి. అది ఈ అధ్యాయంలో పట్టదు. దాని ఆత్మ మాత్రం మీకు తెలిసిందే. సినిమా హాల్ దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో పల్లవి ఒకసారి అచ్చేసి, ప్రతి చరణం చివరా రెండు గీతల మధ్య 'పల్లవి' అని మాత్రమే వేసేవాళ్ళు. దస్తావేజు రాసేవాళ్ళ 'సదరు' కూడా అలాంటిదే. ముందు వచ్చినదాన్ని మళ్ళీ రాయకుండా, ఎంత వెనక్కి వెళ్ళి ఎంత చదవాలో చెప్పడం. డిఫ్లేట్ 32,768 బైట్ల దాకా వెనక్కి చూస్తుంది, దొరికినదాని మీద మళ్ళీ హఫ్‌మన్ కోడ్ వేస్తుంది. మీరు రాసిన రెండో ప్రోగ్రాం అందులో సగం అన్నమాట.

వైవాలో మా దగ్గర లేని పరీక్ష ఒకటి మిగిలింది, దాన్ని ఇంట్లో కూర్చుని చెయ్యలేరు. మీ ప్రోగ్రాం కుదించిన ఫైల్‌నీ, విప్పే ప్రోగ్రాంనీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క రూమ్ స్నేహితుడి దగ్గరికి వెళ్ళండి. మీ ల్యాప్‌టాప్ మీ గదిలోనే ఉండాలి. అతని మెషీన్ మీద అతన్నే విప్పమనండి, వచ్చినదాన్ని మీకు మెయిల్ చెయ్యమనండి. అసలు ఫైల్ మాత్రం పొరపాటున కూడా ఇవ్వకండి.